గీత జరిగితే బలం పెరగదు

"మనవాళ్ళు ఎంతమంది?" అనే లెక్క తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎప్పటికీ తెగదు. డాక్టర్లు ఎంతమంది, కలెక్టర్లు ఎంతమంది, అమెరికాలో ఉన్నోళ్ళు ఎంతమంది అని లెక్కపెట్టినట్టే ఆటగాళ్ళనూ లెక్కపెడతాము. పండగొస్తే చాలు, ఫోన్లలో ఒక జాబితా తిరుగుతుంది. నలుగురు పెద్ద ఆటగాళ్ళ ఫోటోలు, కింద "తెలుగోడి సత్తా" అని పెద్ద అక్షరాలు. బళ్లారిలో ఉన్న మాకూ వస్తుంది, డాలస్‌లో ఉన్న మా పిన్నమ్మ కొడుకులకూ వస్తుంది. ఆ జాబితాతో మాకు తగాదా ఉంది. అందులో ఉన్నోళ్ళంతా నిజంగా గొప్పోళ్ళే, వాళ్ళ మీద మాకేమీ లేదు. కానీ దాన్ని చూపించి "మన దగ్గర ఆట బలంగా ఉంది" అంటున్నారు చూడండి, ఆ మాటే ఒప్పుకోలేము.

ఒక ప్రాంతంలో ఆట ఎంత లోతుగా ఉందో అక్కడి మొదటి ఆటగాడిని చూస్తే తెలియదు. పన్నెండోవాణ్ణి చూడాలి. కబడ్డీ జట్టులో ఏడుగురు కోర్టులోకి దిగుతారు, ఐదుగురు బయట కూర్చుంటారు. ఆ ఐదుగురిలో ఆఖరివాడు ఎట్లాంటివాడు? వాడికి దెబ్బ తగిలితే వాడి చోట నిలబడేదానికి ఊళ్ళో ఇంకొకడు ఉన్నాడా, లేడా? అదీ అడగాల్సిన ప్రశ్న. వానాకాలంలో అన్ని బావుల్లోనూ నీళ్ళుంటాయి, లోతు తెలిసేది ఎండాకాలంలోనే. మా బళ్లారి ఎండ తెలిసినోళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

ముందు అమెరికా సంగతి చూద్దాము. మా కుటుంబంలో ఈ వాదన అక్కడి నుంచే మొదలైంది. డాలస్ తమ్ముళ్ళ పిల్లలు కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చిలో పెరిగారు. అది మనం కాలితో ఆడే బంతాట కాదు. కోడిగుడ్డు మాదిరి ఉన్న బంతిని చంకలో పెట్టుకొని పరిగెత్తే ఆట. అక్కడి కాలేజీలు కూటాలుగా ఏర్పడి ఆడతాయి, వాటిని కాన్ఫరెన్సులు అంటారు. ఏ కూటంలో ప్రతిభ ఎక్కువ అనేది అక్కడ ఏటా తెగని పంచాయతీ. ఎన్.ఎఫ్.ఎల్. అనే ప్రొఫెషనల్ లీగు ఏటా ఏప్రిల్లో కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకుంటుంది, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఏ కూటం నుంచి ఎంతమందిని ఎంచుకున్నారన్నదే అందరి చేతిలో ఉన్న కొలబద్ద.

2023 డ్రాఫ్ట్‌లో బిగ్ టెన్ అనే కూటం నుంచి 55 మందిని ఎంచుకున్నారు. 2025లో 71 మందిని. రెండేళ్ళలో పదహారు మంది పెరిగారు కదా, ఆ కూటం ఎంత బలపడిందో చూడండి అని మా పిల్లలు అంటారు. మధ్యలో ఏం జరిగిందో చూడండి మరి. 2024లో ఒరెగాన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్ఏ అనే నాలుగు పడమటి కాలేజీలు వేరే కూటం విడిచి వచ్చి ఇందులో చేరాయి. 14 కాలేజీల కూటం 18 కాలేజీలది అయింది. 55ను 14తో భాగించండి, 3.9 వస్తుంది. 71ను 18తో భాగించండి, మళ్ళీ 3.9 వస్తుంది. కాలేజీకి ఒక్క పిల్లోడు కూడా పెరగలేదు. కంచె జరిపి పక్కింటోళ్ళ చెట్టును మన దొడ్లోకి తెచ్చుకున్నారు, కాయలు లెక్కపెట్టి మా తోట బాగా కాసింది అన్నారు. అంతే.

ఇంకొంచెం లోపలికి పోదాము. ఆ 71లో ఓహాయో స్టేట్ ఒక్కదాని నుంచే 14 మంది, కొత్తగా వచ్చిన ఒరెగాన్ నుంచి 10 మంది. అవి రెండూ తీసేస్తే మిగతా 16 కాలేజీలకు కలిపి 47, అంటే తలా మూడు కూడా పడవు. వాళ్ళతో పోటీపడే ఎస్.ఇ.సి. కూటంలో కూడా 2024లో టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరాయి. దాని లెక్క 62 నుంచి 79కి పోయింది, కాలేజీకి 4.4 ఉన్నది 4.9 అయింది. ఆ పెరిగిన దాంట్లో కూడా టెక్సస్ వెంట తెచ్చుకున్నదే 12. మొత్తం చూస్తే ఒక కథ, సగటు చూస్తే ఇంకొక కథ, ఇద్దరు షావుకార్లను పక్కనపెట్టి చూస్తే మూడో కథ. లోతు తెలియాలంటే ఆ మూడో కథ చదవాల. జాబితా వేసేవాళ్ళు మొదటి కథ దగ్గరే ఆగిపోతారు.

గీత జరపడం అంటే ఏమిటో బళ్లారివాళ్ళకు ఒకరు నేర్పనక్కర్లేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతదాకా మద్రాసు రాష్ట్రంలో ఒకే జిల్లాగా ఉన్న బళ్లారిలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి తాలూకా ఎటు పోవాలన్న దాని మీద మిశ్రా విచారణ దాకా తగాదా నడిచి, ఊరు, తాలూకా, మిగతా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాయి. ఆ పొద్దు ఆలూరులో చెడుగుడు ఆడే పిల్లోడి కాళ్ళకు బలం పెరగలేదు, సిరుగుప్పలో ఆడేవాడికి తగ్గలేదు. ఆడే మట్టి ఒకటే, పెట్టే కూత ఒకటే. లెక్కలో మాత్రం ఒకడు ఆంధ్ర, ఒకడు మైసూరు.

ఇప్పుడూ అంతే. రాష్ట్ర జట్టు సెలక్షన్లకు పోతే బళ్లారి తెలుగు పిల్లోడు కర్ణాటకవాడు, వాడి మేనత్త కొడుకు ఆదోనిలో ఉంటే వాడు ఆంధ్రావాడు. ఆ రూలుతో మాకు పేచీ లేదు. ఉన్న ఊరి తరఫున ఆడడమే సరైనది. మా పేచీ అంతా జాబితా వేసేవాళ్ళతోనే. వాళ్ళు ఈ రూలును కావాలన్నప్పుడు పట్టుకుంటారు, వద్దన్నప్పుడు విడిచిపెడతారు. బళ్లారి పిల్లోడు కప్పు తెస్తే "మనవాడు". ఆడేదానికి బూట్లు లేక, పోయేదానికి బస్సు చార్జీ లేక పదో తరగతిలో మానుకుంటే "వాడు కర్ణాటకవాడు కదా, అక్కడోళ్ళు చూసుకోవాల". గెలిచినప్పుడు చుట్టరికం, ఓడినప్పుడు రాష్ట్ర సరిహద్దు. ఇట్లాంటి చుట్టాలను మా పెద్దోళ్ళు ఏమనేవాళ్ళో ఇక్కడ రాయలేము.

లెక్క ఎంత చిక్కుగా ఉంటుందో చూడండి. మమతా పూజారి భారత మహిళల కబడ్డీ జట్టుకు కెప్టెన్‌గా చేసింది, 2014లో అర్జున అవార్డు తీసుకుంది. ఆమెది ఉడుపి జిల్లా కార్కళ వైపు. ఉద్యోగం దక్షిణ మధ్య రైల్వేలో, అంటే సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న రైల్వే. జాతీయ పోటీల్లో రైల్వేలకు వేరే జట్టు ఉంటుంది, సర్వీసెస్‌కు వేరే జట్టు ఉంటుంది. మరి ఆమెను ఎవరి ఖాతాలో రాయాల? పుట్టిన కర్ణాటక ఖాతాలోనా, జీతమిచ్చిన రైల్వే ఖాతాలోనా, ఉద్యోగం చేసిన తెలుగు నేల ఖాతాలోనా? ఏ ఖాతాలో రాసినా ఆమె ఆట మారదు. ఆమె వెనక ఆ కరావళి ఊళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలు సాయంత్రం పూట కోర్టు గీసుకొని ఆడతాండారు అన్నది ఏ ఖాతాలోనూ పడదు. అసలు లోతు అక్కడుంది.

ఇక మనందరికీ ప్రాణమైన తెలుగు టైటాన్స్ దగ్గరికి వద్దాము. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. అప్పటి నుంచి మా ఇంట్లో టీవీ ముందు సగంమంది టైటాన్స్, సగంమంది బెంగళూరు బుల్స్. ఊరు కర్ణాటకది, మాట తెలుగుది కాబట్టి అది మాకు తప్పదు. కానీ టైటాన్స్ పేరులో "తెలుగు" ఉంది కదా అని ఆ జట్టు గెలుపోటముల్ని తెలుగు ప్రాంతాల కబడ్డీకి కొలతగా తీసుకోవడం యాడి న్యాయం? మొదటి ఆరు సీజన్లు జట్టును మోసిన రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. 2019లో కోటీ 45 లక్షలు పెట్టి తెచ్చిన సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. 2023లో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసి తెచ్చిన పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ. వాళ్ళు ఎక్కడివాళ్ళైతేనేమి, బాగా ఆడితే చప్పట్లు కొట్టాల్సిందే. కాకపోతే అది వేలంపాట. వేలంపాటలో కొన్న ఎద్దును చూపించి మా ఊరి పశువుల సంత గొప్పది అంటే ఎవరైనా నవ్వుతారు.

పోనీ, కొన్న లెక్క ప్రకారమైనా ఒక్క గొప్పవాడితో జట్టు నిలబడుతుందా? పవన్ సంగతే తీసుకోండి. 2022లో తమిళ్ తలైవాస్ వాళ్ళు అతన్ని 2 కోట్ల 26 లక్షలకు కొన్నారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా బయటే ఉన్నాడు. తలైవాస్ పని అయిపోయింది అన్నారంతా. నరేందర్ అనే కొత్త కుర్రాడు ముందుకొచ్చి రైడింగ్ భారమంతా ఎత్తుకున్నాడు, ఆ జట్టు సెమీఫైనల్ దాకా పోయింది. మరుసటి సీజన్లో అదే పవన్ టైటాన్స్‌కు వచ్చాడు, కెప్టెన్ అయ్యాడు, దాదాపు సీజనంతా ఆడాడు, తన వంతు పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ ఆడిన 22 మ్యాచుల్లో గెలిచింది రెండే. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. మనిషి ఒకడే. వాడు లేని జట్టు సెమీస్‌కు పోయింది, వాడున్న జట్టు అడుగున పడింది. ప్రతిభ లోతు అనే మాటకు ఇంతకంటే మంచి పాఠం మేము చూడలేదు.

ఇంకొకటి కూడా ఉంది. 2019 ఫైనల్లో బెంగాల్ వారియర్స్ తమ కెప్టెన్, ప్రధాన రైడర్ మణిందర్ సింగ్ గాయంతో లేకుండానే దిగింది. అవతల దబంగ్ ఢిల్లీ తరఫున నవీన్ కుమార్ ఒక్కడే 18 పాయింట్లు తెచ్చాడు. బెంగాల్ వైపు ఎక్కువ తెచ్చిన ఇరాన్ ఆటగాడు నబీబక్ష్‌వి పదే. కప్పు ఎవరిది? 39-34తో బెంగాల్‌ది. ఆ బెంగాల్ కోచ్ బి.సి. రమేశ్ మన కర్ణాటకవాడే. మన జాబితాలో 18 పాయింట్లవాడు మాత్రమే కనిపిస్తాడు. కప్పు తెచ్చిన మిగతా ఆరుగురు కనిపించరు.

లోతు ఎక్కడ బయటపడుతుందో చెప్పేదానికి మళ్ళీ ఒక్కసారి ఆ అమెరికా ఆట దగ్గరికి పోవాల. అందులో పంట్ అని ఒకటుంది. పది గజాలు ముందుకు పోయేదానికి ఒక జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. మూడింట్లో కాకపోతే మామూలుగా నాలుగోసారి బంతిని కాలితో ఎత్తి దూరంగా తన్నేస్తారు, ఎదుటి జట్టు చానా వెనక నుంచి మొదలుపెట్టాలని. అవతల ఒకడు ఒంటరిగా నిలబడి ఆకాశంలోకి చూస్తాంటాడు. బంతి పైనుంచి దిగుతాంటుంది, పదిమంది మీదికి పరిగెత్తుకుంటూ వస్తాంటారు. వాడి ముందు మూడు దార్లు. చెయ్యెత్తి ఊపి బంతిని పట్టుకోవచ్చు. అప్పుడు వాణ్ణి ఎవరూ ముట్టకూడదు, వాడూ పరిగెత్తకూడదు. పట్టుకొని పరిగెత్తవచ్చు. లేదా అసలు ముట్టకుండా విడిచిపెట్టవచ్చు. తన గోల్ గీతకు పది గజాల లోపల పడేట్టుంటే విడిచిపెట్టమనే చెప్తారు. బంతి గీత దాటి లోపలికి దొర్లిపోతే 20 గజాల దగ్గర నుంచి ఆట మొదలుపెట్టవచ్చు, అంటే ఊరికే లాభం. ముట్టి జారవిడిస్తే మాత్రం బంతి ఎదుటివాళ్ళ చేతికి పోవచ్చు.

ఇది చిన్న సంగతి కాదు. 2024 జనవరి 1న రోజ్ బౌల్‌లో మిషిగన్, అలబామా ఆడాయి. మొదట్లోనే మిషిగన్ పిల్లోడు ఒక పంట్ జారవిడిచాడు, అలబామా దాన్ని తీసుకొని పాయింట్లు చేసుకుంది. ఆఖర్లో, స్కోరు సమంగా ఉండి నిమిషం కూడా మిగలనప్పుడు, ఇంకొక పిల్లోడు విడిచిపెట్టాల్సిన బంతిని పట్టబోయి జారవిడిచి, తన గోల్ గీతకు గజం దూరంలో దాని మీద పడ్డాడు. వాడు పడకపోయుంటే ఆట అక్కడే ముగిసేది. మిషిగన్ అదనపు ఆటలో 27-20తో గెలిచింది, వారానికి దేశ ఛాంపియన్ అయింది. అంత పెద్ద జట్టు కూడా ఒక్క పంట్ దగ్గర ప్రాణం అరచేతిలో పెట్టుకుంది.

ఈ పంట్ ఆటలో ముందు నడిచేది ఎక్కువగా రిజర్వు పిల్లోళ్ళు. పెద్ద ఆటగాళ్ళను గాయాల భయంతో పక్కన ఉంచుతారు. మొదటి సంవత్సరం పిల్లలు, రెండో వరసవాళ్ళు, టీవీలో పేరు రానివాళ్ళు అడ్డం పడితేనే వెనకున్నవాడు పరిగెత్తగలడు. కాబట్టి ఒక కాలేజీలో ప్రతిభ ఎంత లోతుకు ఉందో తెలియాలంటే పంట్ వచ్చినప్పుడు చూడాల. పుస్తకంలో మాత్రం పరిగెత్తినవాడి సగటు గజాలే ఎక్కుతాయి. విడిచిపెట్టాల్సిన బంతిని విడిచిపెట్టినవాడికి ఒక్క మార్కూ రాదు. పట్టుకోవాల్సినది పట్టుకోక పదిహేను గజాలు దొర్లనిచ్చినవాడికి ఒక్క మార్కూ పోదు. లెక్కలో లేనిదాన్ని ఎవరూ నేర్పరు. అది ఆ ఆట జబ్బు, మన ఆట జబ్బు కూడా.

మన కబడ్డీలో దీనికి సరిజోడు ఖాళీ కూత. రైడర్ ముప్పై సెకన్లు లోపలికి పోయి, బాక్ గీత దాటి, ఎవరినీ ముట్టకుండా వెనక్కి వస్తే పాయింటు లేదు, నష్టమూ లేదు. వరసగా రెండు ఖాళీ కూతలైతే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడర్ ఔట్. కోర్టులో మనవాళ్ళు తక్కువున్నప్పుడు, మనం ముందున్నప్పుడు ఖాళీగా తిరిగిరావడం పిరికితనం కాదు, కాలాన్ని ఖర్చుపెట్టే తెలివి. అవతలివాణ్ణి మూడో కూతలోకి నెట్టడం డిఫెన్స్ చేసే పని. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ను పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. పెద్దోళ్ళంతా ఔటై బయట కూర్చున్నాక లోపల మిగిలేది ఎవరు? కవర్లో నిలబడే మూడో వరస పిల్లోళ్ళు. ఆలౌట్ కాకుండా కాపాడేది వాళ్ళే. లోతు తెలిసే ఎండాకాలం అదే.

మరి మనం ఏం చేస్తాండాము? మా చుట్టుపక్కల జాతరకో, ఉగాదికో, దసరాకో కబడ్డీ పోటీలు పెడతారు. ఎక్కువమంది ఇచ్చే బహుమానం బెస్ట్ రైడర్‌కు. గీత పక్కన నిలబడిన మామలు, చిన్నాయనలు "పాయింట్ తేరా అబ్బీ!" అని గొంతు చించుకుంటారు. పిల్లోడు బుద్ధిగా ఖాళీగా వస్తే తిట్లు, తెగించి పోయి పట్టుబడితే "పోనీలే, మగోడు" అని మెచ్చుకోలు. పక్కవాడు చీలమండ పట్టుకున్నాకనే కదా ఇంకొకడు నడుం పట్టి రైడర్‌ను పడేసింది? ఆ మొదటి పట్టు పట్టినవాడి పేరు మైకులో రాదు. పదేళ్ళు ఇట్లా పెంచితే ఊరూరా ఏడుగురూ రైడర్లే తయారవుతారు, కాలు పట్టేవాడు ఒక్కడూ ఉండడు. జాబితా పిచ్చి పిల్లల ఆటను చెడగొడతాంది అని మేము అనేది ఇందుకే.

బళ్లారికి ఇంకొక గర్వం వచ్చి చేరింది. 2018లో తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో జె.ఎస్.డబ్ల్యూ. వాళ్ళు ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ కట్టారు. బాక్సింగ్, కుస్తీ, జూడో, అథ్లెటిక్స్ నేర్పుతారు, దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు. నీరజ్ చోప్రా అక్కడ సాధన చేశాడు. మంచి సంస్థ, మా జిల్లాలో ఉండడం సంతోషం. అయితే "నీరజ్ మా బళ్లారిలో తయారయ్యాడు" అని చెప్పుకొనేముందు ఒకటి ఆలోచించండి. హర్యానాలో పుట్టి, ఈటె పట్టడం అక్కడే నేర్చుకున్నవాడు మా దగ్గర సాధన చేస్తే సండూరు తాలూకా పిల్లోడి చేతికి ఈటె రాదు. గోడ లోపల ఎంత గొప్ప మైదానం ఉందన్నది ఒక లెక్క. గోడ బయట పది కిలోమీటర్ల లోపల ఎన్ని బడుల్లో ఆటల మాస్టరు ఉన్నాడన్నది వేరే లెక్క. మా జిల్లా లోతు తెలిసేది రెండో లెక్కలోనే.

పాత సంగతులు రాసుకునే ఈ చోట ఒక పాత సంగతి చెప్పకపోతే బాగుండదు. బళ్లారి అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది బళ్లారి రాఘవ, 1880లో పుట్టి 1946లో పోయిన మహానటుడు. అటు తెలుగువాళ్ళు, ఇటు కన్నడంవాళ్ళు ఇద్దరూ "మావాడే" అంటారు, ఇద్దరిదీ నిజమే. కానీ ఆయన ఒక్కడే ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడ సరసవినోదిని సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టారు. ఒకే ఊళ్ళో పోటీపడే రెండు నాటక సభలు! రెండు సభలంటే ఎంతమంది వేషగాళ్ళు, ఎంతమంది పాడేవాళ్ళు, తెరలు కట్టేవాళ్ళు, ఒకడికి జ్వరమొస్తే ఆ వేషం కట్టేదానికి ఎంతమంది సిద్ధంగా ఉండాల? అదీ లోతంటే. మనం రాఘవ ఫోటో గోడకు పెట్టుకున్నాము, ఆ సభలను మరిచిపోయినాము. ఆటల్లో చేస్తాండేదీ అదే.

మామీద వచ్చే మాటలు మాకు తెలుసు. "గొప్పవాణ్ణి చూసే కదా పిల్లలు ఆటలోకి వస్తారు" అంటారు. నిజమే, ప్రో కబడ్డీ టీవీలో రాకముందు కబడ్డీ అంటే చిన్నచూపు చూసిన ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి. కానీ పిల్లోడు టీవీ చూసి వీధిలోకి వచ్చాక వాడికి ఏముంది? నేర్పేవాడు లేకపోతే, మట్టి మీద ఆడినవాడు జిల్లా పోటీకి పోయి మొదటిసారి మ్యాట్ మీద కాలుపెట్టి జారిపడితే, ఆ తార ఏం చేస్తాడు? తార పిల్లోణ్ణి గుమ్మం దాకా తెస్తాడు, లోపలికి తీసుకుపోవాల్సింది ఊరు.

ఇంకొందరు "బయట బతికేవాళ్ళకు ఈ మాత్రం గర్వం లేకపోతే ఎట్లా? భాష పోతాంది, బడి పోయింది, ఆ నలుగురి పేర్లైనా చెప్పుకోనీండి" అంటారు. ఈ మాట మాకూ తగులుతుంది. మా పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు ఇంట్లోనే. గర్వపడొద్దని మేము అనడం లేదు. ఇంటి అరుగు మీద కూర్చొని పక్క రాష్ట్రం వేలంపాటను చూసి గర్వపడే బదులు, అదే వీధిలో ఆడే పిల్లోణ్ణి చూసి గర్వపడండి అంటాము. వాడు తెలుగువాడా, కన్నడంవాడా, ఉర్దూ మాట్లాడేవాడా అని అడక్కండి. ఒక జట్టులో పన్నెండుమంది కావాలంటే బళ్లారిలో ముగ్గురి భాషలూ కలవాల్సిందే. ఇక్కడ ఏ వీధి జట్టును చూసినా తెలుస్తుంది, కూత పెట్టేటప్పుడు అందరిదీ ఒకటే మాట.

కాబట్టి, బయట ఉన్న బంధువులారా, వచ్చే ఉగాదికి జాబితా పంపేముందు నాలుగు లెక్కలు అడగండి. మీ ఊళ్ళో, మీ పేటలో ఒకే సాయంత్రం రెండు నిండు జట్లను, అంటే ఇరవై నలుగురిని దింపగలరా? పద్నాలుగేళ్ళకు ఆటలోకి వచ్చిన పదిమందిలో పద్దెనిమిదేళ్ళ దాకా నిలిచినవాళ్ళు ఎందరు? వాళ్ళల్లో ఆడపిల్లలు ఎందరు? మీ ముఖ్యమైన రైడర్ లేని రోజు మీ జట్టు ఎన్ని మ్యాచులు గెలిచింది? ఈ నాలుగింటికీ మొత్తం వద్దు, ఊరికి ఎంత అన్నది చెప్పండి; అన్నిటికంటే బలమైన రెండు ఊళ్ళను తీసేసి మళ్ళీ చెప్పండి. అప్పుడు మిగిలే అంకె చానా చిన్నదిగా ఉంటుంది. ఉండనీండి, పెంచాల్సింది దాన్నే.

బహుమానాలు ఇచ్చే చేతులున్న మామలకు, చిన్నాయనలకు ఒక మనవి. బెస్ట్ రైడర్ కప్పు మానొద్దు, ఇవ్వండి. దాని పక్కన ఇంకా మూడు పెట్టండి. చీలమండ పట్టు బాగా పట్టినవాడికి ఒకటి, ఇద్దరు ముగ్గురే మిగిలినప్పుడు ఆలౌట్ కాకుండా నిలబెట్టినవాడికి ఒకటి, పన్నెండోవాడిగా వచ్చి అన్ని రోజులూ సాధనకు తప్పకుండా హాజరైనవాడికి ఒకటి. డాలస్ తమ్ముళ్ళు ఏటా పంపే డబ్బుతో ఒక్క ఫ్లెక్సీ తక్కువ కట్టి, ఒక బడికి మ్యాట్ కొనిపెట్టండి. ఆలూరుకో, రాయదుర్గానికో ఒక జట్టును పంపించి ఆడించండి, వాళ్ళను ఇక్కడికి పిలవండి. 1953లో గీసిన గీత సెలక్షన్ల కాగితాల్లో ఉంటే ఉండనీండి. సాయంత్రం ఆటకు అడ్డం రానక్కర్లేదు.